పదకొండేళ్ళ పిల్లాడి నోట కథ చెప్పిద్దామనుకుంటున్నాను, సలహా కావాలి

వశిష్ఠరేవు | శనివారం రాత్రి 9:12

అందరికీ నమస్కారం. మాది నర్సాపురం. ఈ ఫోరంలో పోస్టులు ఏడాదిగా చదువుతున్నాను గానీ రాయడం ఇదే మొదలు. ఒక పెద్ద కథ మొదలుపెట్టాను, నవలిక అనుకోండి. ఇల్లు సఖినేటిపల్లి వైపు. తండ్రి రొయ్యల చెరువులు లీజుకి తీసుకుని దెబ్బతిన్నాడు. తల్లి ఇంటిపనికి కువైట్ వెళ్ళబోతోంది. పదిహేనేళ్ళ అక్క, పదకొండేళ్ళ తమ్ముడు. తమ్ముడికి బుద్ధి ఎదుగుదల తక్కువ. ఇంట్లో జరిగేదంతా వాడి నోటే చెప్పించాలని నా ఆశ. పెద్దవాళ్ళ నోట చెప్పిస్తుంటే కథ ఎవరో ఒకరి పక్షం అయిపోతోంది. మూడుసార్లు రాసి చించేశాను.

మొదటి పేజీలో కొంచెం ఇది:

"అమ్మ కళ్ళల్లో గోదారి పొంగింది. నాన్న గుండెల్లో వరద. నేను మాత్రం లంకలో ఒంటరి రెల్లుపొదలా నిలబడ్డాను. నాకేమీ తెలియదు. తెలియకపోవడమే నా వరం."

మొహమాటం లేకుండా చెప్పండి.

అంబాజీపేట_అబ్బాయి | శనివారం రాత్రి 9:31

మొహమాటం లేకుండానా? అయితే సరే. మూడు వాక్యాల్లో మూడు పోలికలు. వీడు పదకొండేళ్ళ పిల్లాడా, అవధానానికి కూర్చోబోతున్నాడా అండీ?

పుస్తకాలసంచి | శనివారం రాత్రి 10:05

నవ్వాను గానీ సమస్య అదే. ఆ పోలికలు పిల్లాడివి కావు, మీవి. పైగా "నాకేమీ తెలియదు" అని వాడే ప్రకటించేశాడు. తనకు తెలియదని తెలిసినవాడు ఇక అమాయకుడెలా అవుతాడు?

ఇంగ్లీషులో రెండు నవలలు చూడండి. ఒకటి 1929లో ఫాక్నర్ రాసిన 'ది సౌండ్ అండ్ ద ఫ్యూరీ'. అందులో మొదటి భాగమంతా బెంజీ అనే మాటలు రాని పిల్లాడు చెబుతాడు. వాడికి నిన్నకీ ఇరవై ఏళ్ళ కిందటికీ తేడా లేదు. కంచె మేకుకి చొక్కా తగులుకుంటే చాలు, అలా తగులుకున్న ఇంకో రోజులోకి వెళ్ళిపోతాడు. అక్క కేడీ దగ్గర చెట్ల వాసన వస్తుందంటాడు. ఆ వాసన పోయిన రోజు ఏడుస్తాడు. అక్క జీవితంలో ఏం జరిగిందో వాడు చెప్పడు, మనకి అర్థమైపోతుంది.

రెండోది మార్క్ హాడన్ 2003లో రాసిన 'ది క్యూరియస్ ఇన్సిడెంట్ ఆఫ్ ద డాగ్ ఇన్ ద నైట్-టైమ్'. కుక్కని ఎవరు చంపారో తేల్చడానికి బయల్దేరిన క్రిస్టఫర్ అనే పదిహేనేళ్ళ కుర్రాడు. అధ్యాయాలకి ఒకటి రెండు మూడు అని కాకుండా ప్రధాన సంఖ్యలు వేస్తాడు. తల్లి చచ్చిపోయిందని తండ్రి చెప్పి ఉంటాడు. ఓ రోజు అలమరలో ఆవిడ రాసిన ఉత్తరాలు దొరుకుతాయి. ఆ కుర్రాడు అబద్ధం ఆడలేడు. ఇంటినిండా అబద్ధాలు. నవలని నడిపేది ఆ తేడాయే.

వైనతేయ | శనివారం రాత్రి 10:40

చిన్న సవరణ. ఆ కథ చెప్పే రోజుకి బెంజీకి 33 ఏళ్ళు. పిల్లాడు కాదు. మనకి మాట రాని ప్రతివాడూ పిల్లాడిలాగే కనిపిస్తాడు, అదో జబ్బు మనకి. మా వీధిలో నలభై దాటిన ఆయన్ని ఇప్పటికీ అందరూ "బాబిగాడు" అనే పిలుస్తారు.

ఇంకోటి కూడా. బెంజీకి మొదట పెట్టిన పేరు అది కాదు. మేనమామ పేరు పెట్టారు. వాడి పరిస్థితి తెలిశాక మేనమామ పేరుకి మచ్చ అని తల్లి మార్పించింది. కుటుంబం సంగతి తెలియడానికి నాకు ఆ ఒక్క ముక్క చాలు. వశిష్ఠరేవు గారూ, మీ పిల్లాడి పేరేంటి? ఇంట్లో ఏమని పిలుస్తారు, బయట ఏమని పిలుస్తారు? అక్కణ్ణించి మొదలుపెట్టండి.

పుస్తకాలసంచి | శనివారం రాత్రి 10:44

33 నిజమే, ఒప్పుకున్నాను. చదివి చాలా ఏళ్ళయింది.

భవిత_టీచర్ | ఆదివారం ఉదయం 6:50

నేను మండలంలో భవిత కేంద్రంలో పని చేస్తాను. పద్నాలుగేళ్ళుగా ఇలాంటి పిల్లలతోనే ఉన్నాను కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తాను, ఏమనుకోకండి.

"బుద్ధి ఎదుగుదల తక్కువ" అంటే కథకి సరిపోదండి. 2016 చట్టంలో వైకల్యాలు 21 రకాలు, అంతకుముందు 1995 చట్టంలో ఏడే. ఆటిజం వేరు, మేధో వైకల్యం వేరు, సెరిబ్రల్ పాల్సీ వేరు. రెండు కలిసి ఉన్న పిల్లలూ ఉంటారు. సెరిబ్రల్ పాల్సీ ఉన్న ఒక పాప నోరు తిరగక మాట్లాడలేదు, చొంగ కారుతుంది. చుట్టాలంతా మొద్దు అనుకున్నారు. ఆ పాప ఎక్కాలు నాకంటే వేగంగా చెప్తుంది, వేళ్ళతో. మీ వాడు వీళ్ళలో ఎవరు? అది తేలితే వాడు దేన్ని గమనిస్తాడో, దేన్ని వదిలేస్తాడో తేలుతుంది. డాక్టరు పెట్టిన పేరు కథలో రాయక్కర్లేదు. మీకు తెలిస్తే చాలు.

ఇక భాష. ఆటిజం ఉన్న కొంతమంది పిల్లలు విన్న మాట విన్నట్టే తిప్పి చెప్తారు. మా దగ్గర ఒక బాబు ఆకలేస్తే "అన్నం తింటావా నాన్నా" అంటాడు. వాళ్ళమ్మ రోజూ అడిగే మాట అది. "నేను" అనడు. తెలుగులో "నేను" అనకపోయినా వాక్యం నడుస్తుంది కదా, క్రియ చివర్లోనే ఎవరో తెలిసిపోతుంది. అందుకని ఇంట్లోవాళ్ళు చాలాకాలం పట్టించుకోలేదు. ముద్దుగా మాట్లాడుతున్నాడనుకున్నారు.

మీరు బుడుగు భాష తెచ్చి ఈ పిల్లాడి నోట్లో పెడతారేమోనని నా భయం. ముళ్ళపూడి వారి బుడుగు ఆరిందాలా మాట్లాడే గడుగ్గాయి. రాధ, గోపాళం, బామ్మ ఉన్న నిండిల్లు వాడిది. మన తెలుగువాళ్ళకి పిల్లాడు కథ చెబుతున్నాడంటే వాడే గుర్తొస్తాడు. మీ ఇల్లు వేరు, మీ పిల్లాడు వేరు.

కొబ్బరాకు | ఆదివారం ఉదయం 11:20

నాకు పదమూడేళ్ళ బాబు ఉన్నాడు. ఆటిజం. మాటలు పది పన్నెండు ఉంటాయి. కోనసీమలోనే ఉంటాం, ఊరు చెప్పను.

నేను ఒకటి అడుగుతాను. గొడవలున్న ఇల్లు అనగానే మా పిల్లలే ఎందుకు గుర్తొస్తారు మీకు? మా వాడు పుట్టాకే మా ఇంట్లో గొడవలు మొదలయ్యాయని మా వాళ్ళంతా అంటారు. మాది మేనరికం కాబట్టి కొంతమంది నన్నంటారు, కొంతమంది మా మావయ్యని, అంటే మా ఆయన్ని. గొడవలు వాడు పుట్టకముందే ఉన్నాయి. రెండెకరాల కొబ్బరితోట వాటా గురించి. వాడు పుట్టాక అందరికీ ఒక కారణం దొరికింది, అంతే.

ఇలాంటి కథలు చదివినప్పుడల్లా మా వాడు ఆ ఇంట్లో అద్దంలా వాడబడుతున్నాడనిపిస్తుంది. పెద్దవాళ్ళ మొహాలు చూసుకోవడానికి. వాడికేం కావాలో కథలో ఉండదు. మా వాడికి ఏం కావాలో చెప్పనా? మధ్యాహ్నం రెండింటికి ఫ్యాను మూడులో ఉండాలి. నాలుగులో కాదు. మీ పిల్లాడికి ఏం కావాలి?

రాయకండి అనలేను. రాయకపోతేనే మంచిదని మాత్రం అనిపిస్తోంది. వాళ్ళ గొంతు వాళ్ళది.

వైనతేయ | ఆదివారం మధ్యాహ్నం 12:15

కొబ్బరాకు గారూ, మీ బాధ అర్థమైంది. కానీ ఎవరి గొంతు వాళ్ళే రాయాలంటే సాహిత్యంలో మిగిలేది ఆత్మకథలే. మధురవాణిని గురజాడ రాయలేదా?

కొబ్బరాకు | ఆదివారం మధ్యాహ్నం 12:40

రాశారు. కాకపోతే కన్యాశుల్కం చదివిన ఆడవాళ్ళు "ఇదిగో ఇక్కడ బాగుంది, ఇక్కడ బాలేదు" అని నూరేళ్ళుగా మాట్లాడుతూనే ఉన్నారు. మా వాడు మీ కథ చదివి "ఇది నేను కాదు" అనలేడు. తేడా అదీ.

వైనతేయ | ఆదివారం మధ్యాహ్నం 12:58

దీనికి నా దగ్గర సమాధానం లేదండి.

భవిత_టీచర్ | ఆదివారం మధ్యాహ్నం 3:10

కొందరు అనగలరు. ఆటిజం ఉన్న టెంపుల్ గ్రాండిన్ 1986లోనే తన జీవితం తన పేరుతో పుస్తకంగా తెచ్చింది. హాడన్ నవల మీద కూడా ఆటిజం ఉన్న పాఠకులు "మేమంతా లెక్కల మేధావులం కాదు" అని గట్టిగానే రాశారు. కానీ కొబ్బరాకు గారన్నది మాట లేని పిల్లల గురించి. వాళ్ళ తరఫున ఇంట్లోవాళ్ళే చదివి చెప్పాలి. ఇప్పుడు ఆవిడ చేస్తున్నది అదే. కాబట్టి ఉండండమ్మా, వెళ్ళిపోకండి.

చిన్నక్క | ఆదివారం రాత్రి 8:25

నేను అక్కని. మా తమ్ముడికి ఇప్పుడు ఇరవై ఆరు. టీచర్ గారు చెప్పిన తిప్పి చెప్పే అలవాటు వాడికీ ఉంది. ఒక సంగతి చెప్తాను, నవ్వుకోండి, మేమూ నవ్వుకుంటాం ఇప్పుడు.

నా పెళ్ళిచూపులు. తణుకు వైపు సంబంధం. వాళ్ళు కూర్చుని పూతరేకులు తింటున్నారు. మా నాన్నగారు ఇస్త్రీ పంచె కట్టుకుని చాలా మర్యాదగా మాట్లాడుతున్నారు. ఉన్నట్టుండి లోపలి గదిలోంచి మా నాన్నగారి గొంతే వినిపించింది. "ఏం పెట్టారే మీ పుట్టింటోళ్ళు? ఏం పెట్టారే?" అని. తర్వాత కంచం విసిరిన చప్పుడు కూడా నోటితోనే చేశాడు. మా అమ్మ ఏడుపు కూడా. వరసలో. ఒక్క ముక్క అటూ ఇటూ కాలేదు. నాన్నగారు చూస్తే ఎదురుగా కుర్చీలో ఉన్నారు, చేతిలో మంచినీళ్ళ గ్లాసుతో.

ఆ గొడవ జరిగి అప్పటికి ఆరేళ్ళు. మేమంతా మర్చిపోయినట్టు ఉంటున్నాం. వాడు మర్చిపోలేదు. పూతరేకుల పళ్ళెం చూసి మొదలుపెట్టాడని నాకు తర్వాత తట్టింది. ఆ రోజు కూడా ఇంట్లో పూతరేకులు ఉన్నాయి, ఎవరో ఆత్రేయపురం నుంచి తెచ్చారు.

ఆ సంబంధం కుదర్లేదు. ఇంకోటి కుదిరింది, బాగానే ఉన్నాను.

వశిష్ఠరేవు గారికి నేను చెప్పేది ఏంటంటే, వాడికి "అర్థం కాలేదు" అని మీరు అనుకుంటే కథ తప్పుతుంది. గొడవ ఎందుకో వాడికి తెలియకపోవచ్చు. గొడవ మాత్రం మాకంటే వాడికే బాగా తెలుసు. మేం సర్దుకున్నాం, మార్చి చెప్పుకున్నాం. వాడి దగ్గర అసలు కాపీ ఉంది.

పుస్తకాలసంచి | ఆదివారం రాత్రి 8:50

"అసలు కాపీ ఉంది." నేను చెప్పిన రెండు నవలల కంటే ఇది ఎక్కువ.

అంబాజీపేట_అబ్బాయి | ఆదివారం రాత్రి 9:02

నేను జోకు వేద్దామని వచ్చాను. వెయ్యను.

తెలుగుమేష్టారు | సోమవారం ఉదయం 7:15

ఆలస్యంగా చూశాను. రిటైరైన తెలుగు లెక్చరర్ని, మాది రామచంద్రపురం దగ్గర.

మీరంతా వాసనలూ చప్పుళ్ళూ గురించి మాట్లాడుతున్నారు. మన భాషలోనే ఒక పనిముట్టు ఉంది, ఇంగ్లీషు రచయితలకి లేదు. మన ఇళ్ళల్లో భార్య భర్తని "మీరు" అంటుంది. కోపం వచ్చినా చాలాసేపు "మీరు" అంటూనే తిడుతుంది. ఎప్పుడో ఒక చోట "నువ్వు" అనేస్తుంది. అక్కడ ఏదో తెగిపోయిందని పక్కింటివాళ్ళకీ తెలుస్తుంది. పిల్లాడికి అప్పు సంగతి తెలియదు, పరువు సంగతి తెలియదు. మీరు నువ్వు అయిందన్నది మాత్రం చెవికి తెలుస్తుంది.

రెండోది "మనం", "మేము". ఇంగ్లీషుకి రెండిటికీ ఒకటే మాట. మనకి మనం అంటే వినేవాడూ లోపలే, మేము అంటే వినేవాడు బయట. ఇల్లు విడిపోయేటప్పుడు ముందు విడిపోయేది ఈ మాటే. "మనం పండక్కి అమ్మమ్మగారింటికి వెళ్దాం" అన్న తల్లి, "మేం వెళ్తున్నాం" అంటుంది భర్తతో. నలభై ఏళ్ళు వ్యాకరణం చెప్పాను. ఏ పిల్లాడికీ ఇది పుస్తకంలోంచి రాలేదు, ఇంట్లోంచే వచ్చింది.

భవిత_టీచర్ | సోమవారం ఉదయం 7:40

మేష్టారూ, మా పిల్లల్లో కొందరికి మనం, మేము తేడా చాలా ఆలస్యంగా వస్తుంది. కొందరికి రాదు. ఒక పాపకి "మనం" అంటే సరిగ్గా అయిదుగురు. ఇంట్లో అయిదుగురు కాబట్టి. నేను "మనం పాట పాడదాం" అంటే లేచి గుమ్మం దగ్గరికి వెళ్ళి వాళ్ళవాళ్ళ కోసం చూస్తుంది.

లంకపొలం | సోమవారం ఉదయం 9:30

నాదో ఊహ. వేసవిలో కాలువ కట్టేస్తారు కదా, జూన్‌లో ధవళేశ్వరం నుంచి నీళ్ళు వదులుతారు. తల్లి కాలువ ఎండినప్పుడు వెళ్ళింది. పిల్లాడు నీళ్ళొస్తే అమ్మ వస్తుందనుకుంటాడు. నీళ్ళొస్తాయి, అమ్మ రాదు. ఎలా ఉంది?

పుస్తకాలసంచి | సోమవారం ఉదయం 9:55

బాగుంది, అదే నా అనుమానం. మరీ బాగుంది. ఇది కవి వేసిన లెక్క.

భవిత_టీచర్ | సోమవారం మధ్యాహ్నం 1:05

అలా కొట్టిపారేయకండి. పిల్లలు ఇలా ముడిపెట్టుకుంటారు. మా దగ్గరో బాబు కొత్త చొక్కా వేసుకోడు. వాళ్ళ తాతగారు పోయిన రోజు కొత్త చొక్కా వేశారట. కానీ చూడండి, వాడు అది ఎవరికీ చెప్పలేదు. చొక్కా చూస్తే అరుస్తాడు, అంతే. కారణం వాళ్ళమ్మ రెండేళ్ళకి కనుక్కుంది. కాబట్టి కాలువ సంగతి పెట్టండి, "నీళ్ళొస్తే అమ్మొస్తుంది" అని వాడితో అనిపించకండి. వాడు లాకుల దగ్గరికి పరిగెత్తాలి. ఎందుకో ఇంట్లోవాళ్ళకి అర్థం కాకూడదు. కొట్టాలి కూడా, అలాగే జరుగుతుంది.

కొబ్బరాకు | సోమవారం రాత్రి 10:30

వెళ్ళిపోలేదండి, చదువుతూనే ఉన్నాను.

డబ్బు సంగతి ఎవరూ మాట్లాడలేదు. మీ ఇంట్లో పిల్లాడికి సదరం సర్టిఫికెట్, అంటే వైకల్యం సర్టిఫికెట్, ఉంటుంది కదా. 2024 నుంచి నెలకి ఆరువేలు పింఛను, అంతకుముందు మూడు వేలు. అప్పుల్లో ఉన్న ఇంట్లో ఒకటో తారీఖున వచ్చే ఆరువేలు చాలా పెద్ద మాట. తల్లి కువైట్ వెళ్తే ఆ డబ్బు ఎవరి చేతిలో? నానమ్మ దగ్గరుంచుకుంటానంటుందా, అమ్మమ్మా? పిల్లాడు ఎక్కడుంటే డబ్బు అక్కడ. అప్పటిదాకా వాణ్ణి ఎవరూ పిలవని చుట్టాలు కూడా పిలుస్తారు. మా ఇంట్లో జరిగిందని అనడం లేదు. చూశాను అంటున్నాను.

సదరం క్యాంపులో వాడి వేలు పట్టుకుని గంటలు గంటలు లైన్లో నిలబడటం కూడా రాయండి. ఎంత శాతం వేస్తారోనని టెన్షన్. శాతం తక్కువైతే పింఛను రాదు. ఎక్కువ వేస్తే ఏ తల్లికి సంతోషం? ఆ రోజు నాకు రెండూ ఒకేసారి అనిపించాయి. పిల్లాడి వైపు నుంచి చూస్తే ఆ రోజు అక్కడ ఫ్యాను లేదు. అంతే.

చిన్నక్క | సోమవారం రాత్రి 10:48

అంతే. ఫ్యాను లేదు.

వశిష్ఠరేవు | బుధవారం రాత్రి 11:20

రెండు రోజులు రాయలేదు, మళ్ళీ మొదట్నుంచి రాశాను. మా మేనత్త కొడుకు ఒకడు ఇలాగే ఉండేవాడు, ఇప్పుడు లేడు. మొదట్లో ఆ సంగతి ఇక్కడ చెప్పలేదు, ఎందుకో చెప్పబుద్ధి కాలేదు. వాడి గురించి ఎప్పుడు ఆలోచించినా వాడు మమ్మల్ని చూస్తున్నట్టే ఊహించుకునేవాణ్ణి. వాడు చూస్తున్నది గోదారి దాటించే పంటుని. రోజంతా రేవులో కూర్చుని పంటు ట్రిప్పులు లెక్కపెట్టేవాడు. మేం అసలు వాడి లెక్కలోనే లేము.

కొత్త మొదటి పేజీ ఇది. పిల్లాడి పేరు నాని. ఇంట్లోనూ బయటా అదే, రేషను కార్డులో వేరే.

"పంటు అవతల ఉంది. ఇది నాలుగోది. ఇవతలికి వస్తే అయిదోది.

అమ్మ బ్యాగు నల్లది. జిప్పుకి ఎర్ర దారం కట్టింది. అక్క దారం పట్టుకుంది. అమ్మ వదులు అంది. అక్క వదల్లేదు.

అమ్మ 'మీరు ఇంటికెళ్ళండి' అంది. నాన్న కదల్లేదు. 'మీరు ఎండలో ఎందుకు' అంది. నాన్న బీడీ వెలిగించాడు. అగ్గిపుల్ల మూడోదానికి వెలిగింది. అమ్మ 'నువ్వు వెళ్ళు' అంది. నాన్నని నువ్వు అంటే అమ్మమ్మ తిడుతుంది. అమ్మమ్మ రేవుకి రాలేదు.

పంటు వచ్చింది. మోటారు సైకిళ్ళు దిగాయి. తొమ్మిది. ఆటో ఒకటి. అమ్మ ఎక్కింది. పలక ఎత్తారు. ఇంజను చప్పుడు. అయిదు.

నాన్న 'నానీ, మనం ఇంటికెళ్దాం' అన్నాడు. మనం అంటే నలుగురు. నాన్న, అక్క, నేను. ముగ్గురు. నేను కూర్చున్నాను. నాన్న లాగాడు. నేను కూర్చున్నాను. ఎండ గోదారి మీద గాజు పెంకుల్లా మెరుస్తోంది."

తెలుగుమేష్టారు | గురువారం ఉదయం 6:30

నలుగురు అన్నచోట కాసేపు ఆగాల్సి వచ్చింది నాయనా. మళ్ళీ చదివాను.

లంకపొలం | గురువారం ఉదయం 8:10

మోటారు సైకిళ్ళు తొమ్మిదేనా? పొద్దుటి ట్రిప్పయితే ఇంకా ఎక్కువుంటాయి. పంటు నిండిపోద్ది.

వశిష్ఠరేవు | గురువారం ఉదయం 8:25

మధ్యాహ్నం ట్రిప్పండి. ఎండ అన్నాను కదా.

చిన్నక్క | గురువారం మధ్యాహ్నం 2:15

అక్క దారం వదల్లేదన్నారు, ఆ తర్వాత వదిలిందో లేదో రాయలేదు. నాని పంటు వైపు చూస్తున్నాడు కాబట్టి చూడలేదు. కదా? అలాగే వదిలేయండి. రాయకండి.

కొబ్బరాకు | గురువారం రాత్రి 9:50

ఫ్యాను మూడులో పెట్టి ఇప్పుడే కూర్చున్నాను. రెండుసార్లు చదివాను. నాని ఎవరికీ అద్దంలా లేడు, వాడి పనిలో వాడున్నాడు.

చివరి వాక్యం మాత్రం తీసేయండి. గాజు పెంకులు మీవి.

వశిష్ఠరేవు | గురువారం రాత్రి 9:58

తీసేశానండి.